కదలని సైకిలు

గండిపేట చెఱువుకట్టపై నిలిచి ఈశాన్యమునకు దృష్టి సారించినచో కోకాపేట, నానక్‌రామ్‌గూడ ప్రాంతములందలి మేడలు ఆకాశము నంటుచున్నట్లు కానవచ్చును. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదిని మూసీ వఱద నగరమును ముంచిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి కట్టబడి 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరమే మన గండిపేట చెఱువు. గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదును విడిచి పోజాలడని పెద్దలు చెప్పుదురు. కాని యా నీరు త్రాగి పెరిగినవారే నేడు ఉద్యోగనిమిత్తమై బెంగుళూరునకును, సింగపూరునకును, అమెరికాకును తఱచుగా పోయి వచ్చుచున్నారు. 2008లో శంషాబాదున విమానాశ్రయము తెఱవబడిన నాటినుండి యీ రాకపోకలు మఱింత సులభమైనవి. మన పిల్లల తలిదండ్రులలోను అట్టివారు కలరు.

ఇట్లు పోవువారు దిగెడి హోటళ్లలో వ్యాయామశాల యను గది యొకటి యుండును. అందు ఒక మూల సైకిలు కానవచ్చును. దానికి ముందు చక్రము గలదు గాని యది నేల నంటదు. హ్యాండిలు గలదు గాని యది కుడియెడమలకు తిరుగదు. హ్యాండిలు మీద పలక వంటి తెర యమర్చబడి యుండును. మనుష్యుడు దానిపై నెక్కి అరగంట తొక్కి, చెమటతో తడిసి, ఎక్కిన చోటనే దిగును. మొదటిసారి చూచిన పల్లెవాసికి నవ్వు వచ్చుట సహజము. మా ప్రాంతపు ముసలమ్మ యొకతె దీని వృత్తాంతము విని, "ఎడ్లు లేని గానుగ యన్నమాట" అనెను. ఆమె యన్నది సత్యమునకు మిక్కిలి దూరము గాదు. అయినను ఆ గానుగలో నొక విశేషము కలదు: అది యిప్పుడు ప్రపంచముతో తీగె లేకయే ముడిపడి యున్నది. అది యెట్టిదో, దానివలన ప్రయాణికునకు కలుగు లాభమేమో, కీడేమో తెలిసికొనుట మనకు అవసరము.

కదలని సైకిలు నేటి కల్పన కాదు. 1796లో లండను నగరమందు ఫ్రాన్సిస్ లౌండ్స్ అనునతడు 'జిమ్నాస్టికన్' అను యంత్రమునకు హక్కుపత్రము పొందెను. కాళ్లతో తొక్కుటకు పలకలును, చేతులతో త్రిప్పుటకు పిడులును గల యా యంత్రము రోగులకును, మూలబడిన వృద్ధులకును ఉద్దేశింపబడెను. అప్పటికి రెండు చక్రముల సైకిలే లోకమున పుట్టలేదు! అనగా కదలెడి సైకిలుకన్న కదలని సైకిలే పెద్దది.

ప్రయాణికులకొఱకు దీనిని పెట్టుటయు నూతనము గాదు. 1912 ఏప్రిలు 15వ తేదిని అట్లాంటిక్ మహాసముద్రమున మునిగిన టైటానిక్ ఓడలో మొదటి తరగతివారికి వ్యాయామశాల యుండెను. అందు యాంత్రికమైన గుఱ్ఱము, ఒంటె, పడవ తెడ్లవంటి యంత్రము, కదలని సైకిళ్లు రెండు ఉండెను. ఆ సైకిళ్లయెదుట గడియారము వంటి పెద్ద ముఖపత్రము, దానిపై ఎఱ్ఱముల్లు ఒకటి, నీలిముల్లు ఒకటి అమర్చిరి. ఇద్దఱు తొక్కుచుండగా ఎవరు ముందున్నారో ఆ ముండ్లు చూపుచుండెను. నేటి తెరమీద వేలమంది పేర్లు వరుసగా కనబడుటకును, నాటి రెండు ముండ్లకును మూలమైన యూహ యొక్కటే. ఒంటరిగా తొక్కుట విసుగు పుట్టించును. ప్రక్కవాడు ముందుకు పోవుచున్నాడని తెలిసినంతనే కాళ్లకు బలము వచ్చును.

ఇక యంత్రపు లోపలి సంగతి. పెడలు త్రొక్కగా పట్టీద్వారా బరువైన చక్ర మొకటి తిరుగును. దానిని పనివారు ఫ్లైవీలందురు. కుమ్మరి సారె యొకసారి త్రిప్పి విడిచిన తరువాత కొంతసేపు తనంత తాను తిరుగుచుండుట పిల్లలు చూచియే యుందురు. ఈ చక్రము పనియు నట్టిదే. త్రొక్కుడులోని యెగుడుదిగుడులను అది సరిపుచ్చును. కాని చక్రము తేలికగా తిరిగిన వ్యాయామ మెక్కడిది? కావున దానికి అడ్డు కల్పింపవలెను. పూర్వము తోలుపట్టీనో, బిరడానో చక్రమునకు ఒత్తి పట్టించెడివారు. అవి అరిగిపోవును, వాసన కొట్టును, చప్పుడు చేయును. మేలైన నూతనయంత్రములందు అయస్కాంతములను చక్రపు అంచునకు ఇరుప్రక్కల నుంచెదరు. అవి చక్రమును తాకవు. లోహపు చక్రము అయస్కాంతముల నడుమ తిరుగునప్పుడు దానిలో సుడులవంటి విద్యుత్ప్రవాహములు పుట్టును. ఆ ప్రవాహములు తమకు జన్మకారణమైన చలనమునే ఎదిరించును. దీనిని లెంజు నియమమని పై తరగతుల విద్యార్థులు భౌతికశాస్త్రమందు చదివి యుందురు. మర త్రిప్పి అయస్కాంతములను దగ్గఱకు తెచ్చినచో కొండయెక్కినట్లుండును. దూరము చేసినచో పల్లమున దిగినట్లుండును. తాకుడు లేదు గనుక అరుగుదల లేదు, చప్పుడు స్వల్పము. ప్రక్కగదిలో నిద్రించు అతిథికి అంతకన్న కావలసిన దేమి?

నిమిషమునకు ఎన్నిమార్లు పెడలు తిరిగెనో, అడ్డు ఎంత యున్నదో కొలిచి, రెంటినిబట్టి తొక్కువాని శక్తిని వాట్లలో తెర చూపును. 1968లో అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు కీన్ డిమిక్ కల్పించిన 'లైఫ్‌సైకిలు' మొదలుకొని యిట్టి లెక్కలు యంత్రమే చేయుట యారంభమైనది. అటుపిమ్మట వచ్చిన పెద్దమార్పు ఇంటర్నెట్టు. 2012లో న్యూయార్కు నగరమున స్థాపింపబడిన పెలోటన్ సంస్థ సైకిలుకు పెద్ద తెర యమర్చి, నగరమందలి తమ శాలలో ఉపాధ్యాయుడు తొక్కుచు చెప్పు పాఠమును ఇంటింట సైకిళ్లకు పంపసాగెను. పెలోటన్ అనగా ఫ్రెంచిభాషలో సైకిలుపందెమున గుంపుగా పోవు రౌతుల దండు. ఎవరి యింట వారుండియు దండులో నున్నట్లు తోచునని యా పేరు. తొక్కువాడు తన పేరుతో యంత్రములో ప్రవేశించును; అతడు చేసిన పని యంతయు సంస్థవారి కంప్యూటర్లకు చేరి, అతని పేరిట నిలువయుండును. నిన్న ఇంట తొక్కినది, నేడు పరదేశపు హోటలులో తొక్కినది ఒకే పద్దులో చేరును.

ఈ చివరి సౌకర్యమే హోటళ్లవారి నాకర్షించినది. ఇంట అలవాటైన సైకిలు ఊరు మారినను దొరకునన్నచో అతిథి ఆ హోటలునే కోరునని వారి లెక్క. 2022వ సంవత్సరము అక్టోబరులో హిల్టన్ సంస్థ అమెరికాలోని తమ 5,400 హోటళ్లలో, కొంచె మించుమించుగా అన్నిటను, ఒక్క పెలోటన్ సైకిలైనను ఉంచెదమని ప్రకటించెను. వెస్టిన్ హోటళ్లు అంతకు ముందే కొన్నిచోట్ల వానిని పెట్టియుండెను. హోటళ్లకు వ్యాయామయంత్రములు చేసి యమ్ముటలో పేరుపొందిన ప్రికోర్ సంస్థను పెలోటన్‌వారు 42 కోట్ల డాలర్లకు కొనుటకు 2020 డిసెంబరులో ఒడంబడిరి. ఇందు ఆరోగ్యచింత యెంతయో వ్యాపారచింతయు నంత కలదని చదువరులు గ్రహింతురు గాక.

ప్రయాణికునకు ఇది నిజముగా అవసరమా? నా యభిప్రాయమున అవసరమే, కాని కొంద ఱనుకొను కారణముచేత గాదు. దూరప్రయాణములో కదలక కూర్చుండుటచే కాలినరములలో రక్తము గడ్డకట్టు ప్రమాదము కలదు. నాలుగు గంటలు మించిన ప్రయాణముచే ఆ ప్రమాదము సుమారు రెండింతలగునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2007లో ప్రకటించెను. విమానమే కాదు, బస్సు, రైలు, కారు ప్రయాణములును అట్టివే. అయినను ఆరోగ్యవంతులలో అది రమారమి 6,000 మందిలో నొకరికి మాత్రమే కలుగునని కూడ వారే చెప్పిరి గనుక భయపడ పనిలేదు. కాని హోటలుకు చేరిన తరువాత సైకిలు తొక్కుదమని విమానములో పదునైదు గంటలు కదలక కూర్చుండుట తెలివి గాదు. అక్కడనే అప్పుడప్పుడు లేచి నడువవలెను, మడమలెత్తి దించుచుండవలెను. దిగిన పిమ్మట ఒక కాలి పిక్క వాచి, నొప్పి పెట్టినచో వ్యాయామశాలకు గాక వైద్యునియొద్దకు పోవలెను.

సైకిలువలన అసలు లాభము వేఱు. మనదేశమున పదికోట్లకు పైగా మధుమేహరోగులు కలరని 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధనామండలివారి పరిశీలన తెల్పినది. ఇంట నున్నంతకాలము ప్రొద్దున నడకకు పోవువాడు పరదేశమునకు పోయినంతనే దానిని మానును. విందుభోజనములు, నిద్రలేమి, రోజంతయు కుర్చీ. వారము గడచునప్పటికి రక్తమున చక్కెర పెరుగును. పెద్దలు వారమునకు 150 నుండి 300 నిమిషముల వఱకు మితమైన వ్యాయామము చేయవలెనని 2020లో ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పినది. ఎఱుగని యూరిలో, చీకటిలో, వాహనముల నడుమ నడచుటకన్న గదిలో తొక్కుట క్షేమకరము. మనదేశమున 2022వ సంవత్సర మొక్కదానిలోనే రహదారి ప్రమాదములచే 1,68,491 మంది మరణించిరి. పైగా హైదరాబాదునుండి న్యూయార్కునకు పోయినవానికి గడియారము ఋతువునుబట్టి తొమ్మిదిన్నరయో పదిన్నరయో గంటలు వెనుకబడును. అర్ధరాత్రి మెలకువ వచ్చి నిద్రపట్టక దొర్లుచున్నవానికి, గది తాళపుకార్డుతోనే తెఱచుకొను వ్యాయామశాలలు పెక్కుచోట్ల నున్నవి. ఆడువారు ఒంటరిగా ప్రయాణము చేయునప్పుడు ఇది మఱింత ఉపకారి.

తెరమీది యంకెలను గూర్చి కొంచెము వివరింతును. ఏలయన పెక్కుమంది వానిని చూచి మోసపోవుదురు. ఒకడు 100 వాట్ల శక్తితో అరగంట తొక్కెననుకొందము. 100ను 1,800 సెకండ్లతో గుణింపగా 1,80,000 జౌళ్లు, అనగా 180 కిలోజౌళ్లు. మానవదేహము తాను ఖర్చుపెట్టు శక్తిలో సుమారు నాలుగవవంతు మాత్రమే పనిగా మార్చగలదు. తక్కిన మూడువంతులు వేడిమియై పోవును. ఒక కిలోకాలరీ రమారమి 4.2 కిలోజౌళ్లు. కావున నాలుగును నాలుగును కొట్టుకొనిపోయి, చేసిన పని యెన్ని కిలోజౌళ్లో ఖర్చయిన యాహారశక్తియు ఇంచుమించుగా అన్ని కిలోకాలరీలే యగును. అరగంట చెమటోడ్చినందుకు 180 కిలోకాలరీలు! అవి మూడు నాలుగు ఇడ్లీలతో సరి. తొక్కితిని గదా యని హోటలులో మఱియొక పళ్లెము మిఠాయి తినువాడు నష్టపోవును.

ఆ తొక్కుడుతో దీపములు వెలిగింపరాదా యని పిల్ల లడుగుదురు. 100 వాట్లు అరగంటసేపు అనగా విద్యుత్తు లెక్కలో యూనిటులో ఇరువదవవంతు. ఇరువదిమంది అరగంటచొప్పున తొక్కినగాని యొక యూనిటు కాదు. దాని వెల కొలది రూపాయలు. ఆ ఇరువదిమంది తుడుచుకొన్న తువాళ్లను ఉదుకుటకే అంతకు మించిన విద్యుత్తు పట్టవచ్చును.

వేడిమి సంగతి మఱువరాదు. 100 వాట్ల పని చేయువాని దేహమునుండి సుమారు 300 వాట్ల వేడిమి పుట్టుచుండును. అనగా పాతకాలపు 60 వాట్ల బల్బులు అయిదు ఒంటిలో వెలుగుచున్నట్లు. బాటపై పోవు సైకిలువానికి ఎదురుగాలియే విసనకఱ్ఱ. కదలని సైకిలుపై ఆ గాలి లేదు. అందుచేత అదే శ్రమకు ఇచట చెమట యెక్కువ, గుండె వడియు నెక్కువ. విసనయంత్రమును ఎదుట పెట్టుకొని, నీటిసీసా దగ్గఱనుంచుకొని గాని తొక్కరాదు.

సీటు ఎత్తు సరిచూచుకొనుట అన్నిటికన్న ముఖ్యము. సైకిలు ప్రక్కన నిలిచినప్పుడు సీటు తుంటియెముక ఎత్తున నుండవలెను. ఎక్కిన తరువాత పెడలు అడుగునకు పోయినప్పుడు మోకాలు కొంచెము వంగియుండవలెను. బాగుగా వంగియున్న మోకాటిచిప్ప నొచ్చును. పూర్తిగా చాగినచో నడుము ఊగును. సీటు కమ్మిపైని అంకెను ఒకచోట వ్రాసికొన్నయెడల మఱునాడు వెదుకులాట యుండదు. కొన్ని పెడళ్లు అడుగున లోహపు కొక్కెము గల బూట్లకొఱకే చేయబడినవి. సామాన్యపు బూట్లతో వానిపై తొక్కినచో పాదము జారును. పాదమును పట్టీలలో నుంచుకొను పెడళ్లు కలవా యని ముందుగా చూడవలెను.

ఇంకొక సంగతి తలిదండ్రులును పిల్లలును శ్రద్ధతో చదువవలెను. మన వీధి సైకిలులో తొక్కుట మానినచో పెడళ్లు ఆగును, చక్రము మాత్రము తిరుగును. ఈ జాతి సైకిళ్లలో పెక్కింటికి అట్లు గాదు. చక్రము తిరుగుచున్నంతసేపు పెడళ్లు కూడ తిరుగుచునే యుండును. తొందరపడి కాలు తీసినచో పెడలు వచ్చి పిక్కను కొట్టును. ఆపుటకు మరను క్రిందికి నొక్కవలెను. పెలోటన్ సైకిలులో నది ఎఱ్ఱనిది. ఆ సైకిలును పదునాలుగేండ్లు నిండనివారు ఎక్కరాదని దాని తయారీదారులే విధించిరి. పెద్దవారు తొక్కుచుండగా చిన్నబిడ్డ వచ్చి తిరుగుచున్న చక్రమునందు వ్రేలు పెట్టినచో ఏమగునో వివరింప నక్కఱలేదు. సెలవులలో తలిదండ్రులతో హోటలులో దిగు బాలురు ఆ గదిని ఆటస్థలముగా భావింపరాదు. పిల్లలకు దినమున కొకగంట ఆట కావలెనన్నది నిజమే, కాని దానికి బంతియు మైదానమును చాలును.

యంత్రము ఎంత ఖరీదైనను తప్పు లేనిది కాదు. 2023 మే నెలలో పెలోటన్ సంస్థ 22 లక్షల సైకిళ్ల సీటుకమ్మిని మార్చి యీయవలసివచ్చెను. తొక్కుచుండగా కమ్మి విఱిగిన సంగతులు 35 తెలియవచ్చెననియు, 13 మంది గాయపడిరనియు నాడు ప్రకటింపబడెను. కావున ఎక్కుటకు ముందు సీటును చేతితో ఊపి చూచుట, మరలు బిగువుగా నున్నవో లేవో కనుగొనుట మంచిది.

కనబడని ప్రమాద మింకొకటి. హోటలు సైకిలు నూఱుమంది తొక్కునది. దాని తెరయును ఒక కంప్యూటరే. 2021 జూనులో మెకాఫీ సంస్థకు చెందిన పరిశోధకులు పెలోటన్ 'బైక్ ప్లస్' అను రకమునందు ఒక లోపమును వెల్లడించిరి. వ్యాయామశాల, హోటలు వంటి బహిరంగస్థలమున నున్న సైకిలుకు ఎవడైనను చిన్న యూఎస్‌బీ పుల్ల దూర్చి, దాని లోపలి ఏర్పాటును మార్చి, తరువాత వచ్చువారి రహస్యపదములను దొంగిలింపవచ్చుననియు, దాని కెమెరాతోను మైకుతోను పొంచి చూడవచ్చుననియు వారు తెల్పిరి. సంస్థవారు ఆ లోపమును సరిదిద్దిరి. దానికి నెలముందే తొక్కువారి వయస్సు, ఊరు, వ్యాయామవివరములు, వారు దాచుకొన్నప్పటికిని, పరులకు తెలియునట్లుండెనని మఱియొక పరిశోధనసంస్థ బయటపెట్టెను. అదియు తరువాత సరిచేయబడెను. నేను చెప్పునది ఒక సంస్థను నిందించుటకు గాదు. పదిమంది చేతులు పడు యంత్రమున కెల్ల నిది చెల్లును. పేరుతో ప్రవేశించినవాడు దిగునప్పుడు మఱువక బయటికి రావలెను. బ్యాంకుకు వాడు రహస్యపదమునే సైకిలుకును వాడరాదు. అసలు పేరు లేకుండ అతిథిగా తొక్కనిచ్చు యంత్రమైనచో అదియే మేలు. మన దేహపు బరువును, గుండెవడిని, మనమే యూరిలో ఏ హోటలులో నున్నామో అన్న సంగతిని లోకమునకు చాటనక్కఱ యేమున్నది?

పందెపు తెరను గూర్చి నాకు కొంత జంకు కలదు. యువకులకు అది యుత్సాహమిచ్చునేమో గాని, రాత్రి నిద్రలేక, భోజనవేళ తప్పి, నలువదియైదేండ్ల వాడు తెరమీద కానవచ్చు ఇరువదేండ్లవానిని దాటబోవుట యపాయము. 220నుండి వయస్సును తీసివేయగా వచ్చునది గుండె నిమిషమునకు కొట్టుకొనగల మేరయని స్థూలమైన లెక్క. నలువదియైదేండ్లవానికి అది 175. మితమైన వ్యాయామమున 112 మొదలు 133 వఱకు చాలును. కొన్ని రక్తపుపోటు మందులు వాడువారికి గుండెవడి పెరుగదు గనుక వారికీ లెక్క పనికిరాదు. వారు మాటతో కొలుచుకొనవచ్చును: తొక్కుచు మాటలాడగలిగి, పాట పాడలేకున్నచో శ్రమ మితముగా నున్నదన్నమాట. ఇన్సులిను తీసికొనువారు జేబులో పంచదారబిళ్ల యుంచుకొనవలెను. ఎదనొప్పియో తలతిరుగుడో కలిగినచో వెంటనే ఆపి, ఎవరినైనను పిలువవలెను. అర్ధరాత్రి ఒంటరిగా తొక్కువారు ఫోనును గదిలో విడిచి రాకుండుట యిందుకే.

ఇతరస్థలములనుండి మన ప్రాంతమునకు వచ్చి నానక్‌రామ్‌గూడలోనో గచ్చిబౌలిలోనో దిగు ప్రయాణికులకు వేఱొక సంగతియు తెలుపవచ్చును. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల సైకిలుబాట 2023 అక్టోబరు 1వ తేదిని ప్రారంభింపబడినది. నానక్‌రామ్‌గూడనుండి పోలీసు శిక్షణాలయము వఱకు 8.5 కిలోమీటర్లు, నార్సింగినుండి కొల్లూరు వఱకు 14.5 కిలోమీటర్లు. నాలుగున్నర మీటర్ల వెడల్పున నిర్మించిన యా బాటపై సూర్యరశ్మినుండి 16 మెగావాట్ల విద్యుత్తు పుట్టించు పలకలనే కప్పుగా వేసిరి. క్రింద తొక్కువాడు అరగంటలో యూనిటులో ఇరువదవవంతునకు సమానమైన పని చేయుచుండగా, పైని కప్పు నిండు ఎండలో గంటకు 16,000 యూనిట్లు ఇయ్యగలదు. అక్కడ గాలి ఎదురగును, మలుపులు వచ్చును, తొక్కుట మానినను సైకిలు కొంతదూరము తనంత తాను పోవును. తెర లేదు, పేరు వ్రాయించుకొనువారును లేరు.